క్లయింటు కార్బన్ లెక్కలు అడుగుతున్నాడు, ఐటీ వాళ్లం ఎక్కడ మొదలెట్టాలి?

సాగర్‌నగర్_సిస్టమ్స్

అందరికీ నమస్తే. రుషికొండ ఐటీ సెజ్‌లో ఒక మధ్యరకం సర్వీసెస్ కంపెనీలో సిస్టమ్స్ చూస్తాను, నాలుగొందల మంది దాకా ఉంటాం. యూరప్ క్లయింటు ఒకరు ఈసారి కాంట్రాక్టు రెన్యువల్‌తో పాటు ఒక పెద్ద ఎక్సెల్ షీటు పంపారు, కరెంటు ఎంత వాడారు, డీజిల్ ఎంత కాల్చారు, ల్యాప్‌టాప్‌లు ఎన్ని కొన్నారు, పాతవి ఏం చేశారు, స్టాఫ్ ఆఫీసుకి ఎలా వస్తున్నారు, అన్నిటికీ కార్బన్ లెక్క (అంటే వాటి వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయిందో) కావాలట. మేనేజ్‌మెంట్ దాన్ని చూసి ఇది సాఫ్ట్‌వేర్ పనే కదా అని మా టీమ్‌కి అప్పజెప్పేసింది. వెండర్లు వచ్చి డ్యాష్‌బోర్డులు చూపించి వెళ్తున్నారు, గ్రాఫులు బాగానే ఉన్నాయి గానీ ఆ నంబర్లు లోపలికి ఎక్కణ్ణుంచి వస్తాయండీ అంటే మీరే అప్‌లోడ్ చెయ్యాలి సార్ అంటున్నారు.

మన వైజాగ్‌లో ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో మాట, షీటు నింపి పంపేసి ఊరుకోవడం నాకిష్టం లేదు, ఐటీ వైపు నుంచి నిజంగా తగ్గించగలిగేది ఏముందో అది కూడా తెలుసుకోవాలని ఉంది.

లెక్కల_లక్ష్మి

తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనకు. నీకు కావాల్సిన నంబర్లలో సగం పైన మీ అకౌంట్స్‌లోనే ఉంటాయి, కాకపోతే రూపాయల్లో ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే. జనరేటర్‌కి డీజిల్ పోయించారనుకో, వోచర్‌లో "డీజిల్ ఖర్చు ఇంత" అని రాసి మూసేస్తారు, లీటర్లు ఆ బంకు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా ఉండవు, ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు ఆర్నెల్లకి చెరిగిపోతాయి. కార్బన్ లెక్కకి కావాల్సింది లీటర్లు, ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. రూపాయల నుంచి వెనక్కి లెక్కేస్తే రేటు మారినప్పుడల్లా మీ కాలుష్యం పెరిగినట్టో తగ్గినట్టో కనబడుతుంది, జనరేటర్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంటుంది.

మా దగ్గర మొదట చేసిన పని ట్యాలీలో డీజిల్, ప్రింటర్ పేపరు, ఏసీ గ్యాసు, క్యాబు బిల్లులు ఈ నాలుగు లెడ్జర్లకీ క్వాంటిటీ లేకుండా ఎంట్రీ పడకుండా చెయ్యడం, బిల్లు స్కాన్ కూడా అప్పుడే అటాచ్ చెయ్యాలి. మా కుర్రాళ్లు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లకే అలవాటైపోయింది. దీనికి ఒక్క రూపాయి కొత్త లైసెన్సు అవసరం పడలేదు.

భీమిలి_బుల్లోడు

మా కంపెనీలో అయితే పాత మెయిల్స్ డిలీట్ చేసే రోజు అని పెట్టారు, అందరం కూర్చుని ఇన్‌బాక్సులు ఖాళీ చేశాం. ఇది కూడా పనికొస్తుందా అండీ? హెచ్‌ఆర్ వాళ్లు చాలా పోస్టర్లు వేశారు.

ఫెసిలిటీస్_మూర్తి

బుల్లోడు గారూ, మెయిల్స్ తీసేస్తే మిగిలేది చాలా చిన్నది బాబూ, సర్వర్ డిస్కు ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. అదే పోస్టరు "వెళ్లేముందు మెషీన్ ఆపండి" అని వేసుంటే ఎంతో మేలు. లెక్క చూడండి, వంద డెస్క్‌టాప్‌లు రాత్రి ఊరికే ఆన్‌లో ఉంటే ఒక్కోటి 50 వాట్లు తిన్నా పన్నెండు గంటలకి 60 యూనిట్లు. ఏడాదికి 300 రాత్రులు వేసుకోండి, 18 వేల యూనిట్లు. మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్క, అంటే పన్నెండు టన్నుల పైమాటే, పైగా అవి నడిచినంతసేపూ గదిలో వేడి, దాన్ని తియ్యడానికి ఏసీ, ఆ కరెంటు ఇందులో కలపలేదు.

సాగర్‌నగర్ గారూ, మీరు ఉండేది అద్దె బిల్డింగా? అయితే ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మీ పేరు మీద రాదు, బిల్డింగ్ వాళ్లు సబ్ మీటర్ చూసి వేస్తారు. ఆ బిల్లులో ఈబీ (గ్రిడ్ కరెంటు) యూనిట్లు, డీజీ (డీజిల్ జనరేటర్) యూనిట్లు విడివిడిగా ఉన్నాయో లేదో ముందు చూడండి. చాలామంది రెండూ కలిపి ఒకే అంకె వేసిస్తారు, అప్పుడు మీ లెక్క అక్కడే చెడిపోతుంది, ఎందుకంటే గ్రిడ్ కరెంటు ఒక ఖాతా, డీజిల్ ఇంకో ఖాతా.

సాగర్‌నగర్_సిస్టమ్స్

మూర్తి గారూ అద్దె బిల్డింగే. బిల్లులో ఒకటే అంకె వస్తోంది, ఇప్పుడే తీసి చూశాను. రాత్రి షట్‌డౌన్ మాట మా దగ్గరా వచ్చింది గానీ మా ప్యాచింగ్ (సెక్యూరిటీ అప్‌డేట్లు వెయ్యడం) మొత్తం రాత్రి రెండు గంటలకే జరుగుతుంది, మెషీన్లు ఆపేస్తే సెక్యూరిటీ టీమ్ ఒప్పుకోదు.

పరవాడ_ప్లాంట్‌ఐటీ

ప్యాచింగ్ గురించి నేను చెప్తాను, ఈ గొడవ మా దగ్గర బాగా నడిచింది. మెషీన్లని పూర్తిగా ఆపక్కర్లేదు, గ్రూప్ పాలసీతో (అన్ని మెషీన్లకీ ఒకేచోట నుంచి పెట్టే సెట్టింగ్) ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే స్లీప్‌లోకి పంపండి, ప్యాచ్ టైముకి వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీంచి నిద్ర లేపే) సిగ్నల్‌తో లేపండి, పని అయ్యాక మళ్లీ పడుకోబెట్టండి. బయోస్‌లో (మెషీన్ మొదట లేచేటప్పటి సెట్టింగులు) ఆ ఆప్షన్ ఆన్ చెయ్యాలి, నెట్‌వర్క్ స్విచ్‌లో ఆ మెషీన్లుండే భాగానికి (వీల్యాన్) బ్రాడ్‌కాస్ట్ వెళ్లేలా చూసుకోవాలి, కొన్ని పాత మదర్‌బోర్డులు లేవవు, వాటిని విడిగా ఒక గ్రూపులో పెట్టి వారంలో ఒక్క రాత్రి మాత్రం ఆన్‌లో ఉంచండి. సెక్యూరిటీ వాళ్లని మొదటి మీటింగ్ నుంచే కూర్చోబెట్టండి, పని అయిపోయాక చెబితే కాదనే అంటారు.

మాది ఫార్మా ప్లాంటు, మా కథ వేరు. పొగ గొట్టాలకీ వ్యర్థ జలాలకీ ఆన్‌లైన్ మీటర్లు ఉన్నాయి, డేటా నేరుగా పొల్యూషన్ బోర్డు సర్వర్లకి పోతుంది. బాయిలర్ ఆవిరి, నీళ్లు, కరెంటు అన్నీ స్కాడాలో (ప్లాంటు మెషీన్లని చూసే కంప్యూటర్ సిస్టమ్) నిమిషం నిమిషం పడుతుంటాయి. అయినా మా సస్టైనబిలిటీ టీమ్ అమ్మాయి ప్రతి నెలా షిఫ్ట్ ఇంచార్జి దగ్గరికి వెళ్లి రిజిస్టర్ ఫొటో తీసుకుని ఎక్సెల్‌లో టైపు కొట్టేది. డేటా లేక కాదు, స్కాడా నెట్‌వర్క్ ఆఫీసు నెట్‌వర్క్ రెండూ విడిగా ఉండాలి కాబట్టి (అలా ఉండటమే కరెక్ట్) మధ్యలో దారి ఎవరూ వెయ్యలేదు. మేము వన్ వేగా ఒక చిన్న డేటాబేస్‌కి రోజువారీ మొత్తాలు మాత్రం బయటికి పంపేలా పెట్టాం, లోపలికి ఏదీ పోదు. దాని తర్వాతే తెలిసింది ఆదివారాలు ప్రొడక్షన్ లేకపోయినా కంప్రెస్డ్ ఎయిర్ లైను నిండుగా నడుస్తోందని. అంతగా లీకులు ఉన్నాయి. నెలవారీ రిజిస్టర్‌లో ఆ ఆదివారం ఎప్పటికీ కనబడదు.

సీతమ్మధార_ఆడిట్

కొంచెం రూల్స్ వైపు నుంచి. షేర్ మార్కెట్‌ని చూసే సెబీ వాళ్లు బీఆర్ఎస్ఆర్ అనే పర్యావరణ, సామాజిక బాధ్యతల రిపోర్టు మార్కెట్ క్యాప్ ప్రకారం మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి 2022-23 నుంచి తప్పనిసరి చేశారు. 2023లో బీఆర్ఎస్ఆర్ కోర్ అని ఇంకోటి తెచ్చి కొన్ని ముఖ్యమైన నంబర్లకి బయటివాళ్ల తనిఖీ కూడా కావాలన్నారు, మొదట పెద్ద 150 కంపెనీలతో మొదలైంది. మాది చిన్న కంపెనీ మాకెందుకు అనుకోవద్దు, ఆ పెద్ద కంపెనీలు తమ సప్లయర్లని అడుగుతాయి, యూరప్ క్లయింట్లు ఎలాగూ అడుగుతున్నారు, సాగర్‌నగర్ గారికి వచ్చిన షీటు అలాంటిదే.

తనిఖీకి కూర్చున్నప్పుడు మేము చూసేది డ్యాష్‌బోర్డు కాదు. నెల తీసుకుని ఈ 41 వేల యూనిట్లు ఎక్కడివి అని అడుగుతాం, బిల్లు పీడీఎఫ్ కావాలి, మీటరు నంబరు కలవాలి, తర్వాత ఎవరైనా ఆ సెల్ మార్చి ఉంటే ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో కనబడాలి. చాలా ఆఫీసుల్లో ఆ ఎక్సెల్ "ఫైనల్, ఫైనల్2, ఫైనల్ కరెక్ట్" అని ముగ్గురి మెషీన్లలో మూడు రకాలుగా ఉంటుంది. మీకు షేర్‌పాయింటో ఇంకేదో ఉండే ఉంటుంది కదా, వెర్షన్ హిస్టరీ ఆన్ చేసి ఒక్కో నంబరుకి ఒక్క మనిషి పేరు రాయండి, నెల ముగిశాక లాక్ చెయ్యండి. ఐటీ వాళ్లు మాకు చేసే పెద్ద సాయం ఇదే, కొత్త టూల్ కన్నా ఎన్నో రెట్లు.

ఇంకోటి, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవాళ్లు జాగ్రత్త, మన దగ్గర హెచ్‌టీ బిల్లింగ్ కేవీఏహెచ్ (లైను మీద పడే మొత్తం భారం) మీద జరుగుతుంది. కార్బన్ లెక్కకి కావాల్సింది కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడిన యూనిట్లు). పవర్ ఫ్యాక్టర్ (రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది) 0.9 ఉందనుకోండి, మొదటి అంకె వాడితే పదకొండు శాతం ఎక్కువ చూపించుకున్నట్టే.

ద్వారకానగర్_రిపేర్

నమస్తే అందరికీ, నాది ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్ సర్వీసు షాపు, ఆఫీసుల నుంచి లాట్లు లాట్లు వస్తుంటాయి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా, అప్పట్నుంచి వచ్చే సరుకు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంటెల్ ఏడో జనరేషన్, ఆరో జనరేషన్ మెషీన్లు, విండోస్ 11 తీసుకోదు అన్న ఒక్క కారణంతో తూకానికి ఇచ్చేస్తున్నారు. మొన్నొక లాటులో ఒకటి తెరిచి చూశాను, కీబోర్డు మీద ‘E’ అక్షరం ఒక్కటే అరిగింది, బ్యాటరీ తొంభై శాతం హెల్త్ చూపిస్తోంది, ఫ్యాన్‌లో దుమ్ము కూడా లేదు, నాలుగు జీబీ ర్యామ్ వల్ల స్లో అయిందంతే.

ల్యాప్‌టాప్ జీవితంలో కార్బన్ ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో తయారయ్యేటప్పుడే అయిపోతుంది, మనం వాడే కరెంటు వాటా తక్కువ, కంపెనీలే మోడల్ వారీగా ఆ కాగితాలు వెబ్‌సైట్లలో పెడతాయి చూడండి. అంటే ఐటీ వాళ్ల చేతిలో ఉన్న పెద్ద మీట ఏటంటే, మూడేళ్లకి మార్చేదాన్ని ఐదేళ్లకి లాగడం. ఎనిమిదో జనరేషన్ పైవి అయితే ర్యామ్ వేసి ఎస్ఎస్‌డీ వేస్తే హాయిగా నడుస్తాయి. పాతవాటికి లైనక్స్ వేసి ట్రైనింగ్ రూముకో, రిసెప్షన్‌కో, స్కూలుకో ఇవ్వొచ్చు. కానీ హార్డ్ డిస్కులు డ్రిల్లు పెట్టి పొడిచేసి పంపుతారు, అప్పుడు నేను చెయ్యగలిగింది ఏటీ ఉండదు.

సాగర్‌నగర్_సిస్టమ్స్

డిస్కులు పొడిచే రూలు మా దగ్గరా ఉంది అన్నా. డేటా బయటికి పోతే ఎవరు జవాబు చెప్పాలి అని సెక్యూరిటీ వాళ్ల భయం, దాన్ని కాదనలేం.

పరవాడ_ప్లాంట్‌ఐటీ

భయం న్యాయమే, కానీ దానికి మందు డ్రిల్లు ఒక్కటే కాదు. మొదటి రోజు నుంచే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాని తాళం వేసినట్టు కోడ్‌లో దాచడం) ఆన్‌లో ఉంటే, చివర్లో కీ చెరిపేసి ఎస్ఎస్‌డీ సొంత సెక్యూర్ ఎరేజ్ కమాండ్ ఇస్తే పని అయిపోతుంది, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల 800-88 గైడ్‌లైన్ కూడా ఈ పద్ధతిని ఒప్పుకుంటుంది. సీరియల్ నంబరుతో సహా ఎరేజ్ సర్టిఫికెట్ తీసి అసెట్ రిజిస్టర్‌లో అటాచ్ చెయ్యండి. కొందరు ఎస్ఎస్‌డీలకి కూడా అయస్కాంతం పెట్టే మెషీన్ వాడుతున్నారు, అది పాత తిరిగే డిస్కులకే పని చేస్తుంది, ఎస్ఎస్‌డీ మీద దానికి ప్రభావం లేదు, ఇది సెక్యూరిటీ పరంగానూ ప్రమాదమే.

సీతమ్మధార_ఆడిట్

అసెట్ రిజిస్టర్ మాట వచ్చింది కాబట్టి, 2022 ఈ-వేస్ట్ రూల్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడాదిలో ఎప్పుడైనా షెడ్యూల్‌లో ఉన్న ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులు వెయ్యి గానీ అంతకన్నా ఎక్కువ గానీ వాడితే మీరు బల్క్ కన్స్యూమర్ (పెద్ద వాడకందారు). నాలుగొందల మంది ఆఫీసంటే ల్యాప్‌టాప్, మానిటరు, ఫోను, ప్రింటరు, ఏసీ లెక్కేస్తే వెయ్యి బేగి దాటిపోతుంది. ఈ-వేస్ట్‌ని రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కో, రీఫర్బిషర్‌కో (బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు), ప్రొడ్యూసర్‌కో మాత్రమే ఇవ్వాలి, తూకం వేసుకుని నగదు ఇచ్చే ఆటో అతనికి కాదు. రిపేర్ అన్న గారికి కూడా రిజిస్ట్రేషన్ ఉంటే కంపెనీలకి ధైర్యంగా ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం ఇందులో కలపకండి, వాటికి 2022లోనే వేరే బ్యాటరీ రూల్స్ వచ్చాయి.

ఫెసిలిటీస్_మూర్తి

ఎవరూ అడగని ఒక ఖాతా చెప్తాను, ఏసీ గ్యాస్. రుషికొండ, సాగర్‌నగర్ వైపు సముద్రం గాలికి అవుట్‌డోర్ యూనిట్లు ఎలా పోతాయో చూసినవాళ్లకి తెలుసు, అల్యూమినియం రేకులు చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతాయి, జాయింట్ల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, సన్నటి లీకు మొదలై ప్రతి వేసవికీ గ్యాస్ నింపాల్సి వస్తుంది. ఆర్-410ఏ రకం గ్యాస్ ఒక్క కిలో గాల్లోకి పోతే రెండు టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఏడొందల లీటర్ల పైన డీజిల్ కాల్చినట్టు. ఆర్-32 అయితే అందులో మూడో వంతే. అయినా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అబ్బాయి జాబ్ కార్డు మీద "గ్యాస్ టాప్ అప్ డన్" అని రాసి సంతకం పెట్టించుకుని పోతాడు, ఎన్ని కిలోలో ఉండదు.

మా ఐటీ వాళ్లు దీనికి చేసిన పని నాకు చాలా నచ్చింది. హెల్ప్‌డెస్క్ టికెట్లలోనే ఏసీ కేటగిరీ కలిపి, గ్యాస్ రకం, కిలోలు, యూనిట్ నంబరు రాస్తే గానీ టికెట్ క్లోజ్ అవ్వకుండా పెట్టారు. టికెట్ క్లోజ్ కాకపోతే ఏఎంసీ బిల్లు పాస్ కాదు. అప్పుడు ఒకే యూనిట్ పదేపదే గ్యాస్ తాగుతోందని కనబడింది, దాన్ని మార్చేశాం.

సర్వర్ రూము కూడా చూసుకోండి. ఇంకా చాలాచోట్ల పద్ధెనిమిది డిగ్రీలు పెట్టి లోపలికి వెళ్లేవాళ్లు స్వెట్టరు వేసుకుంటున్నారు. ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే గైడ్‌లైన్ ప్రకారం సర్వర్ లోపలికి పోయే గాలి 27 డిగ్రీల దాకా ఉండొచ్చు. ఒక్కో డిగ్రీ పెంచుతూ వారం చూసి మళ్లీ పెంచండి, ర్యాకుల్లో ఖాళీ గళ్లకి బ్లాంకింగ్ ప్లేట్లు వెయ్యండి, లేకపోతే వేడిగాలి తిరిగి ముందుకే వస్తుంది.

భీమిలి_బుల్లోడు

డెవలపర్లం ఏం చెయ్యొచ్చో ఇప్పుడు అర్థమవుతోంది. మా డెవ్, టెస్ట్ మెషీన్లు క్లౌడ్‌లో వారానికి 168 గంటలూ నడుస్తున్నాయి, మేము పని చేసేది ఐదు రోజులు, రోజుకి పన్నెండు గంటలు వేసుకున్నా అరవై. అంటే మూడింట రెండొంతుల టైము ఎవరూ వాడకుండానే నడుస్తున్నాయి. షెడ్యూలర్ పెట్టడానికి ఒక పూట పని. ఏడబ్ల్యూఎస్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ తమ క్లౌడ్ వాడకానికి కార్బన్ రిపోర్టు ఇస్తాయి, మా అకౌంటులో ఎవరూ తెరవలేదు, రేపే తెరుస్తాను.

అన్నట్టు గూగుల్ 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది కదా, దాని కరెంటు ముందు మన ఆఫీసుల లెక్క ఏపాటిది అని మా టీమ్‌లో అంటున్నారు.

పరవాడ_ప్లాంట్‌ఐటీ

అలా వదిలెయ్యొద్దు తమ్ముడూ. మా ఇంటి మేడ మీంచి సింహాద్రి ఎన్టీపీసీ చిమ్నీలు కనబడతాయి, 2000 మెగావాట్లు, అంతా బొగ్గే. అక్కడి రిజర్వాయరు మీద 25 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పెట్టారు, ముడసర్లోవలో రెండు మెగావాట్లది ఉంది, మంచివే, కానీ ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే యూనిట్‌కి 0.7 కిలోలు ఎందుకు వస్తోందో తెలుస్తుంది. ఆ బూడిద మా పరవాడ వైపే వస్తుంది, అందుకే అరవై యూనిట్లు తగ్గినా నాకు లెక్కే. పెద్ద డేటా సెంటర్లు కూలింగ్ మీద చాలా తెలివి ఖర్చు పెడతాయి, గూగుల్ వాళ్లది సగటున సర్వర్లకి పది యూనిట్లు పోతే మిగతా అన్నిటికీ ఒక్కటి పోతుంది. మన ఆఫీసుల్లోని చిన్న సర్వర్ రూములు దానికి దరిదాపుల్లో ఉండవు. అందుకే సగం ఖాళీగా తిరిగే పాత సర్వర్లని రెండు మెషీన్ల మీదకి వర్చువల్‌గా సర్దడం, లేకపోతే క్లౌడ్‌కి పంపడం ఇప్పటికీ మంచి పనే.

లెక్కల_లక్ష్మి

క్యాబుల సంగతి మర్చిపోయారు. గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా కొండెక్కే క్యాబులు మీకు ఎన్ని ఉంటాయో, రోస్టర్ యాప్‌లో కిలోమీటర్లు, ఎంతమంది ఎక్కారు అన్నీ పడతాయి. నెలకి రూట్ వారీ మొత్తాలు మాత్రం తీసుకోండి, ఆడపిల్లల ఇంటి అడ్రసులు ఉన్న ఫైలు సస్టైనబిలిటీ ఫోల్డర్‌లో తిరగకూడదు, ఇది గట్టిగా చెప్తున్నాను. మా దగ్గర ఆ మొత్తాలు చూశాకే ఇద్దరు మనుషులతో రెండు క్యాబులు ఒకే దారిన వెళ్తున్నాయని తెలిసి షిఫ్టు టైము పదిహేను నిమిషాలు జరిపి ఒకటి చేశారు.

సాగర్‌నగర్_సిస్టమ్స్

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. వెండర్ డెమోలు ఆపమని చెప్పేశాను, మేనేజ్‌మెంట్ కూడా ఒప్పుకుంది, మొదట ఐదు నంబర్లు: ఈబీ యూనిట్లు, డీజిల్ లీటర్లు, ఏసీ గ్యాస్ కిలోలు, ల్యాప్‌టాప్‌ల వయసు, క్యాబ్ కిలోమీటర్లు, ఒక్కోదానికి ఒక మనిషి. స్లీప్ పాలసీ ముందు ఒక ఫ్లోర్‌లో పెడుతున్నాం. ఏడో జనరేషన్ మెషీన్లు తూకానికి పోకుండా ఆపాను, రిపేర్ అన్నకి మెసేజ్ పెడతాను.

బిల్డింగ్ మేనేజర్‌తో కూడా మాట్లాడాను, మీటర్ రూము తలుపు తీసి చూపించారు. మా ఫ్లోర్ మీటర్ మీద అంకె కాసేపు ఒకటి కాసేపు ఒకటి మారుతోంది, పైన చిన్నగా ‘E’ అని ఒకసారి ‘G’ అని ఒకసారి వస్తోంది. పాడైందా?

ఫెసిలిటీస్_మూర్తి

పాడవ్వలేదు, మీ అదృష్టం బాగుంది. అది డ్యూయల్ సోర్స్ మీటరు, ఒకటి ఈబీ రీడింగ్ ఇంకోటి జనరేటర్ రీడింగ్. అంటే రెండూ విడిగా అక్కడే ఉన్నాయి, బిల్లు వేసేటప్పుడు కలిపేస్తున్నారంతే. ప్రతి నెలా ఒకే తేదీన రెండు స్క్రీన్లూ, మీటర్ నంబరు కనబడేలా ఫొటో తీయించి ఆ ఫోల్డర్‌లో పెట్టించండి. జనరేటర్ యూనిట్లకీ డీజిల్‌కీ ఒక చెక్ ఉంది, మొత్తం బిల్డింగ్ జనరేటర్ యూనిట్లని నింపిన లీటర్లతో భాగిస్తే మూడుకీ నాలుగుకీ మధ్య రావాలి, ఒకటిన్నరో రెండో వస్తే డీజిల్ ఎక్కడో పోతోందని.

లెక్కల_లక్ష్మి

ఫొటో తేదీ నెలాఖరునే పెట్టు తమ్ముడూ, బిల్డింగ్ వాళ్ల బిల్లు ఇరవయ్యో తారీకు నుంచి ఇరవయ్యో తారీకుకి ఉంటే మార్చి నెలలో పది రోజులు వచ్చే ఆర్థిక సంవత్సరంలోకి జారిపోతాయి, ఆడిట్ వాళ్లు అక్కడే పట్టుకుంటారు.